‘పెండ్లి’ అంటే తప్పా? చ, ళ, శ, ‘వచ్చిండు’ గురించి కాస్త వివరంగా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీది కరీంనగర్ వైపు, మీ ఆవిడది కాకినాడ. ఒకటో తరగతి చదివే పాప ‘పెండ్లి’ అంటే బడిలో ‘పెళ్ళి అనాలి’ అని దిద్దారు. ఇంట్లో మీరు ‘వచ్చిండు’ అంటే ఆవిడ ‘వచ్చేడు’ అంటారు. ‘చాలు’లో చ పలకడం దగ్గర మీ అత్తగారికీ మీకూ కుదరదు. ఏది సరైన ఉచ్చారణ, పాపకు ఏది నేర్పాలి అని అడిగారు.

నేను అనంతపురం వాణ్ణి. వార్తలు చదివేవాళ్ళకూ, డబ్బింగు చెప్పేవాళ్ళకూ పలుకు దిద్దడం నా వృత్తి. తప్పులు పట్టినందుకే నాకు డబ్బులిస్తారు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను: ‘పెండ్లి’లో తప్పేమీ లేదు. ‘పెళ్ళి’ కంటే అది వయసులో పెద్దది కూడా.

పాత తెలుగులో ఉన్నది పెండ్లి, పండ్లు, కండ్లు, ఇండ్లు, వాండ్లు. కోస్తా జిల్లాల్లో ఆ ‘ండ్ల’ కాలక్రమంలో ‘ళ్ళ’ అయింది. పెళ్ళి, పళ్ళు, కళ్ళు, ఇళ్ళు, వాళ్ళు అలా వచ్చినవే. తెలంగాణ, రాయలసీమ పాత రూపాన్ని వదల్లేదు. పత్రికలూ సినిమాలూ ఎక్కువగా కోస్తా పలుకుబడితో నడిచాయి కాబట్టి ‘ళ్ళ’ రూపం పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత పుస్తకంలో ఉన్నదే ఒప్పనీ, ఊళ్ళో వినిపించేది తప్పనీ అనుకోవడం మొదలైంది.

ఇందులో చక్కటి లెక్క ఒకటుంది. మీ వైపు ‘కండ్లు’ అంటారు గానీ ‘కాండ్లు’ అనరు, కాళ్ళు అనే అంటారు. ‘ఇండ్లు’ అంటారు, ‘నీండ్లు’ అనరు. ఎందుకో ఎవరూ నేర్పలేదు, అయినా ఎవరూ తడబడరు. ఆ మాటకు ‘లో’ చేర్చి చూడండి: కన్ను - కంట్లో, ఇల్లు - ఇంట్లో, ముల్లు - ముంటి, విల్లు - వింటి. లోపల సున్నా దాక్కుని ఉంది. బహువచనంలో అదే బయటికొచ్చి కండ్లు, ఇండ్లు, ముండ్లు, విండ్లు అవుతుంది. కాలు - కాలి, వేలు - వేలి, నీరు - నీటి, రాయి - రాతి అన్నచోట సున్నా లేదు. అందుకే కాళ్ళు, వేళ్ళు, నీళ్ళు, రాళ్ళు. ఇంత నియమంగా నడిచేదాన్ని మోటు మాట అనడం నాకు మింగుడుపడదు. వాడు అన్నదాన్ని ఒకప్పుడు ‘వాఁడు’ అని అరసున్నా పెట్టి రాసేవారు. ఆ అరసున్నా మనందరి నోటా ఎప్పుడో పోయింది. ‘వాండ్లు’ అనేవాళ్ళ నోట్లో మాత్రం నిండు సున్నాగా బతికే ఉంది.

ఇక చ సంగతి. ‘తెలుగులో ఎలా రాస్తామో అలాగే పలుకుతాం’ అని మనం గొప్పగా చెప్పుకుంటాం గదా, ఆ మాటను మొదట దెబ్బకొట్టే అక్షరం ఇదే. ‘చాప’ అనండి, నాలుక కొన ఎక్కడ తగిలిందో గమనించండి. తర్వాత ‘చేప’ అనండి. చాప అన్నప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక తగిలి, ‘త్స’కు దగ్గరగా సన్నగా జారుతుంది. చేప అన్నప్పుడు నాలుక నడుము లేచి అంగిలికి ఆనుతుంది. అక్షరం ఒకటే, పలుకులు రెండు. మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. జ కూడా అంతే: జడ, జత, జోరు దంత్యాలు, జీతం, జెండా తాలవ్యాలు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీన్ని సూత్రంగానే పెట్టాడు. ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జ లు తాలవ్యాలు. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔ లతో కూడినవి దంత్యాలు. బ్రౌన్ తన నిఘంటువులో దంత్యానికి వేరే గుర్తు పెట్టి ౘ, ౙ అని చూపించాడు. ఈ రెండు అక్షరాలకూ 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది గానీ మామూలు రాతలో వాటిని వాడేవాళ్ళు లేరు.

అయితే ఆ సూత్రం తెలుగు మాటలకే. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఆ ఉన్నా, ఉ ఉన్నా చ తాలవ్యంగానే ఉండాలి: చంద్రుడు, చక్రం, జాతి, జలం. అన్నంలో పోసుకునే చారులో చ దంత్యం, చారుమతి పేరులో చ తాలవ్యం. వార్తలు చదవడానికి వచ్చినవాళ్ళకు నేను మొదట ఇచ్చే జత ఇదే. ‘చాలు’ తెలుగు మాట కాబట్టి దంత్యమే. మీ అత్తగారు ‘త్సాలు’ అన్నట్టు పలుకుతుంటే ఆవిడదే సంప్రదాయమైన పలుకు. ఇప్పుడు పట్నాల్లో, ముఖ్యంగా ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు చాలు, చొక్కా, చుక్క అన్నిట్లోనూ ఒకే చ వాడేస్తున్నారు. ఇది ఏ ఒక్క ప్రాంతానికో పరిమితమైంది కాదు, కొత్త తరం పలుకు. దంత్య చ మెల్లగా తగ్గిపోతోంది. నాకు బాధగానే ఉంటుంది గానీ ఆపడం ఎవరి తరమూ కాదు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘సాలు, సూడు, సదువు’ అంటారే, అది ఈ దంత్య చ కు పక్కింటిదే. ‘త్స’లో మొదటి ఆపు జారిపోతే మిగిలేది స. అక్కణ్ణుంచి ‘సెప్పు, సేను’ లాంటి మాటలక్కూడా ఆ స పాకింది. రాయలసీమ పల్లెల్లోనూ ‘సూడు’ వినిపిస్తుంది. తమిళంలో ఇదే పని చదువుకున్నవాళ్ళే చేస్తారు. మాట మొదట్లో వాళ్ళ చ అక్షరాన్ని మామూలుగా స అనే పలుకుతారు, ఎవరూ నవ్వరు. మన కావ్యాల్లో ‘అపుడు చనియె’ అన్నది ‘అపుడు సనియె’ అయితే దానికి గసడదవాదేశం అని పేరు పెట్టి పరీక్షలో మార్కులిస్తాం. రైతు ‘ఆడు సూసినాడు’ అంటే వెక్కిరిస్తాం. ఈ రెండూ ఒకే కారణంతో వచ్చాయని అనడం లేదు. చెవికి వినపడేది ఒకటే అయినా మర్యాద మాత్రం మనిషిని బట్టి మారుతోందని చెప్పడమే.

వచ్చిండు, వచ్చినాడు, వచ్చేడు, వచ్చాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మీరు ‘ఆమె వచ్చేడు అంటుంది’ అని రాశారు. మీ ఆవిణ్ణి అడిగి చూడండి, ‘నేను వచ్చాడు అనే అన్నాను’ అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఆవిడ నోట్లో ఉన్న అచ్చు ఆ కూ కాదు, ఏ కూ కాదు, రెంటికీ మధ్యది. బ్యాంకు అన్నప్పుడు, క్యారెట్ అన్నప్పుడు వచ్చే సాగిన అచ్చు అది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. అందుకే కొందరు వచ్చాడు అని రాస్తారు, ఉత్తరాంధ్ర రచయితలు చాలామంది వచ్చేడు అని రాశారు. ఇంగ్లీషు మాటల్లోనూ ఇదే తంటా: బ్యాంకు, బాంకు, బేంకు మూడూ అచ్చులో కనిపిస్తాయి. రాసినవాళ్ళందరూ పలికింది ఒకటే.

ఆ అచ్చు ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చిన + వాడు అనుకోండి. దాన్నుంచి వచ్చినాడు. మా సీమలో ఇప్పటికీ అదే రూపం. మీ తెలంగాణలో న దగ్గరి అచ్చు పోయి, నకారం డు మీదికి ఒరిగి వచ్చిండు అయింది. కోస్తాలో నకారమే పోయింది. అది పోయాక పక్కపక్కన మిగిలిన ఇ, ఆ రెండూ కలిసిపోయి ఆ మధ్యస్థపు అచ్చు పుట్టింది. అంటే మూడు ప్రాంతాలూ ఒకే మాటను మూడు చోట్ల అరగదీశాయి. వీటిలో ఒకటి మూలమనీ మిగతావి దాని చెడిపోయిన రూపాలనీ అనడానికి లేదు. మూలానికి దగ్గర ఏది అని పట్టుబడితే మా వచ్చినాడుకే ఓటు పడుతుంది. (ఊరి అభిమానం అనుకున్నా ఫరవాలేదు.)

దీనితో రెండు చిక్కులు విడిపోతాయి. ఒకటి, వచ్చాడులో చ్చ మీద ఆ కనిపిస్తోంది, అయినా ఎవరూ దాన్ని దంత్యంగా పలకరు. ఎందుకంటే అక్కడున్నది అసలైన ఆ కాదు, దాని కడుపులో ఇ ఉంది. రెండోది, ‘చేశాడా, చేసాడా’ అన్న పాత తగాదా. చేసి, చూసి, రాసి అన్నిట్లోనూ స. మరి చేశాడు, చూశాడు, రాశాడులో శ ఎలా దూరింది? ఆ మధ్య అచ్చు తన ముందున్న స ను అంగిలి వైపు లాగుతుంది. కోస్తావాళ్ళ నోట అది నిజంగానే శ కు దగ్గరగా వినిపిస్తుంది, అందుకే రాతలోకి శ వచ్చింది. సీమలో చేసినాడు, తెలంగాణలో చేసిండు అన్నచోట ఆ అచ్చు లేదు, కాబట్టి స చెక్కుచెదరలేదు. మీ పాప ‘చేసాడు’ అని రాస్తే అది తండ్రి స, తల్లి ఆ కలిసిన మాట అనుకోండి. పుస్తకంలో చేశాడు అని ఉంటుంది కాబట్టి పరీక్షలో అలాగే రాయమనండి.

ఇంతవరకూ చెప్పినవి నిజంగా ప్రాంతాన్ని బట్టి మారేవి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది, వ్యవసాయ పదాల మీద. ఆ పని ఆధారంగా తెలుగు నేలను నాలుగు భాషా మండలాలుగా చూపారు: తెలంగాణ ఉత్తర మండలం, శ్రీకాకుళం-విశాఖ వైపు తూర్పు మండలం, గోదావరి-కృష్ణా-గుంటూరు మధ్య మండలం, రాయలసీమతో పాటు నెల్లూరు, ప్రకాశం కలిసి దక్షిణ మండలం. మాటలకొచ్చేసరికి నెల్లూరు కోస్తా లెక్కలోకి రాదన్నది చాలామందికి కొత్తగా ఉంటుంది. నెల్లూరాయన మాట్లాడితే వినండి, తెలిసిపోతుంది.

ళ, ణ, శ, ఒత్తులు మాత్రం వేరే కథ. వీటిలో తేడా ప్రాంతం కంటే చదువు వల్ల వచ్చేదే ఎక్కువ. నీళ్ళను నీల్లు అనేవాళ్ళు, గణపతిని గనపతి అనేవాళ్ళు తెలంగాణలో ఉన్నారు, ఉత్తరాంధ్రలో ఉన్నారు, గోదావరి లంకల్లోనూ ఉన్నారు. ‘తెలంగాణవాళ్ళకు ళ పలకదు’ అని తేల్చేసేవాళ్ళు తమ ఊరి సంతలో ఒక గంట నిలబడి వింటే మంచిది. రాయలసీమలో మాత్రం ళ గట్టిగా నిలబడింది, అది ఒప్పుకోవాలి. కన్నడం, తమిళం రెండు పక్కలా ఆనుకుని ఉండటం కూడా ఒక కారణమై ఉండవచ్చని నా ఊహ.

ళ పోతే నష్టం ఉంది. కళ్ళు, కల్లు ఒకటైపోతాయి. ఇక్కడ మీ తెలంగాణ పలుకు చేసిన ఏర్పాటు చూడండి: తాగేది కల్లు, చూసేవి కండ్లు. ళ పలికినా పలకకపోయినా గందరగోళానికి తావే లేదు. పాప చేత ‘కండ్లు’ మాన్పించి ‘కళ్ళు’ అనిపించి, అది కాస్తా ‘కల్లు’గా పలికితే, దిద్దినందువల్ల పోయిందే ఎక్కువ.

ఒత్తుల సంగతి కొస్తే ఖ, ఘ, ధ, భ లాంటివి తెలుగు మాటల్లో పుట్టుకతో లేవు, సంస్కృతంతోనూ తర్వాత ఉర్దూతోనూ వచ్చాయి. అందుకే ఏ ప్రాంతంలోనైనా మామూలు మాటల్లో జారిపోతాయి: బయం, దర్మం, గనత. ఇది ఒక రకం. జారిపోతున్నాయన్న భయంతో ఎక్కడ పడితే అక్కడ ఒత్తడం రెండో రకం. ‘భాద’ అని రాసేవాళ్ళు ఎందరో మీరే చూసి ఉంటారు. ఒత్తు ఉందని గుర్తుంది, ఏ అక్షరానికో గుర్తులేదు. అరచేయి నోటికి దగ్గరగా పెట్టుకుని ‘బాధ’ అనండి. గాలి రెండో అక్షరం దగ్గర తగలాలి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, ఒక్క రోజులో పట్టేస్తారు.

శ అయితే ఇప్పుడు టీవీల పుణ్యమా అని ష వైపు జరిగిపోతోంది. ‘షివుడు’, ‘విషాఖ’ అంటున్నారు. పల్లెలో సివుడు అంటే నవ్వేవాళ్ళకు స్టూడియోలో షివుడు అంటే వినపడదు. నిజానికి రెండూ శ నుంచి అంతే దూరం. శ కు నాలుక కొన కిందికి, పళ్ళ వైపు దిగి ఉండి, నడుము భాగం అంగిలికి దగ్గరవ్వాలి. ష కు కొన పైకి మడవాలి. ఇది కుదరడానికి పెద్దవాళ్ళకు కూడా కొన్ని వారాలు పడుతుంది, పాపను ఇప్పుడే వేధించకండి.

కొన్నిటి గురించి జనం ఊరికే కొట్టుకుంటారు. జ్ఞానాన్ని మనం ‘గ్న్యానం’ అంటాం, హిందీవాళ్ళు గ్య అంటారు, మరాఠీవాళ్ళు ద్న్య అంటారు. అసలు సంస్కృత ఉచ్చారణలో అది జ కు ఞ వత్తు, రోజువారీ మాటలో అలా పలికేవాళ్ళు అరుదు. కృష్ణలో ఋ మనకు రు, హిందీలో రి. బ్రహ్మను అందరూ బ్రమ్హ అంటారు, చిహ్నాన్ని చిన్హం అంటారు. పండితుల్ని కూడా పట్టుకోవచ్చు. గుఱ్ఱంలో బండి ఱ ను ర తో సమానంగా పలకడం మొదలై శతాబ్దాలు దాటింది, ఇక ఆ అక్షరం పుస్తకాల్లోనే.

మకారం గురించి మాత్రం ఒక్క మాట. మామిడిని మావిడి, మామయ్యను మావయ్య అనడం కోస్తాలో బాగా వినిపిస్తుంది. అక్కడ పలికేది ఉత్త వ కాదు, ముక్కులోంచి వచ్చే వ. ‘పుస్తకం’ చివర సున్నాను కూడా చాలామంది పూర్తిగా పెదాలు మూసి మ్ అనరు, పెదాలు దగ్గరికి తెచ్చి ముక్కుతో వదిలేస్తారు. కొత్తగా తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళు ‘పుస్తకమ్’ అని పెదాలు బిగించగానే మనకు తేడా తెలిసిపోవడానికి ఇదే కారణం. మనం చేస్తున్నామని మనకే తెలియదు.

వ కూడా నిలకడగా ఉండదు. వద్దు ఒద్దు అవుతుంది, వచ్చాడు ఒచ్చాడు అవుతుంది, వాడు గోదావరి మీదుగా ఉత్తరాంధ్రకు వెళ్ళేసరికి ఆడు అవుతాడు. ఇక ఏమిటి అన్న ఒక్క మాటకే ఏంటి, ఏంది, ఏటి, ఏవిటి అని ఊరికో రూపం. ఎలాకు ఎట్ల, ఎట్టా, ఎలాగ. వీటి జాబితా రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఇలాంటివి దిద్దమని నా దగ్గరికి ఎవరైనా వస్తే, ‘వార్త చదివేటప్పుడు మార్చుకోండి, ఇంటికెళ్ళాక వదిలేయండి’ అంటాను.

పాప విషయానికి వస్తే నేను చేయమనేది ఇది. మాట్లాడటం వేరు, చదవడం వేరు అని ఇప్పుడే అలవాటు చేయండి. పుస్తకంలో పెళ్ళి అని ఉంటే పెళ్ళి అనే చదవాలి, రాయమంటే అలాగే రాయాలి. మాట్లాడేటప్పుడు నాన్నతో పెండ్లి, అమ్మతో పెళ్ళి అన్నా అడ్డుపడకండి. రెండు ఇళ్ళ మాటలూ పిల్లలు ఇట్టే పట్టుకుంటారు, ఎవరితో ఏది మాట్లాడాలో మనకంటే బాగా తెలుస్తుంది వాళ్ళకు. వచ్చిండు, వచ్చాడు జోలికి అసలు పోవద్దు. దిద్దాలనిపిస్తే ళ, ణ, ఒత్తులు దిద్దండి. అవి ఏ ప్రాంతానివీ కావు, పెద్దయ్యాక పట్టుకోవడం కష్టం. ళ కోసం కళ్ళు, నీళ్ళు లాంటి జంట అక్షరాలతో మొదలుపెట్టకండి, కళ, తాళం, మేళం లాంటి ఒంటి ళ తో మొదలుపెడితే నాలుక త్వరగా మడత పడుతుంది.

బడిలో టీచరుగారితో మాట్లాడేటప్పుడు వాదనకు దిగకుండా, ‘రాతలో పెళ్ళి రాయిస్తాం, మాటలో పెండ్లి అంటే తప్పు అనకండి, నిఘంటువులో కూడా ఆ మాట ఉంది’ అని చెప్పండి. నిఘంటువు తీసి చూపిస్తే ఇంకా మంచిది. పెండ్లి అన్న పదానికి అర్థం అక్కడ దొరుకుతుంది. కొన్ని పాత నిఘంటువుల్లో పెళ్ళి దగ్గర ‘పెండ్లి చూడుము’ అన్న తరహాలో ఉంటుంది.